గైరుహాజరు

కళాశాల వార్షిక సంచికకు పూర్వవిద్యార్థిగా ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మొదట సంతోషించాను, తరువాత సంకోచించాను. నేను కవిని కాను, పండితుణ్ణి అంతకన్నా కాను. ఈ కళాశాల నాకు ఇచ్చిన గౌరవం ఒక్కటే. 1984-85 విద్యాసంవత్సరంలో ఫుట్‌బాలు జట్టుకు నేను నాయకుణ్ణి. ఆ ఏడు మేము ఏ కప్పూ తేలేదు. గెలిచినవారి ముచ్చట్లు చెప్పడానికి ఎందరో ఉంటారు గనుక, గెలవని జట్టు సంగతి నేను చెబుతాను. అందులో ఒక పొరపాటు ఉన్నది. అది నాది.

ఇన్నేళ్ళ తరువాత ఈ తలంపు రావడానికి కారణం మా అన్నగారి మనుమడు. అతడు అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. ఆదివారం ఫోను చేసినప్పుడల్లా, ముందురోజు తమ కళాశాల జట్టు ఆడిన ఫుట్‌బాలు గురించి చెబుతాడు. "మా స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు చిన్నతాతా!" అన్నప్పుడు అతని గొంతులోని ఉత్సాహం నాకు ముచ్చట గొల్పింది. వారి ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు. బంతి గుండ్రంగా ఉండదు. కొబ్బరికాయవలె కోలగా ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తుతారు, విసురుతారు. ఇరువైపులా పదకొండుగురే. నాలుగు ప్రయత్నాలలో పది గజాలైనా ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారికి పోతుంది. బంతి పట్టినవాణ్ణి, మన చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్లుగా, నలుగురూ కూడి పడవేస్తారు.

అయితే ఆ ఆట పుట్టుక మాత్రం విచిత్రమైనది. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ అనే రెండు కళాశాలల విద్యార్థులు పక్షానికి ఇరవై అయిదుగురు చొప్పున ఆడారు. అమెరికా కళాశాలల ఫుట్‌బాలుకు అదే మొదటి ఆటగా లెక్కిస్తారు. ఆనాడు వారు ఆడినది గుండ్రని బంతితోనే. దానిని చేతబట్టి పరుగెత్తడానికి వీలులేదు. రట్గర్స్ ఆరు, ప్రిన్స్‌టన్ నాలుగు. అనగా వారూ మనమూ ఒకే గడప దాటి, వేరువేరు వీధులలోనికి నడిచిపోయామన్నమాట.

"మీ సీజను ఎట్లా ఉండేది చిన్నతాతా?" అని ఒకనాడు ఆ పిల్లవాడు అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

మన క్రీడాస్థలాన్ని ఎరిగినవారికి దాని తీరు చెప్పనక్కరలేదు. రోడ్డు మొదలుకొని సరుగుడు తోపు వరకు తూర్పు పడమరలుగా సాగిన ఇసుక నేల. స్థలం పొడవే ఆ విధంగా ఉండడం వలన ఒక గోలు సముద్రం వైపు, ఒక గోలు రోడ్డు వైపు ఉండేవి. సాయంకాలం సముద్రం వైపు గోలులో నిలిచినవాని కళ్ళలో ఎండ పడుతుంది. సముద్రపు గాలి ఎదుటి గోలు మీదికి పోతుంది. మా జట్టులో ఉన్నది పదునాలుగుగురం. ఉన్న బూట్లు ఆరు జతలు. రెండు తోలు బంతులలో ఒకటి నెలకు ఒకసారైనా చెప్పులు కుట్టేవాని దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఉర్దూ విభాగం వారు ఏడుగురు, తెలుగు విభాగం వారు ఏడుగురు. తరగతి గదులలో మా మధ్య మాటలు తక్కువ. ఆటలో మాత్రం "ఇధర్ దే" అనే కేకకూ "ఇటెయ్" అనే కేకకూ బంతి ఒకే విధంగా పలికేది. 

మా గోలు కాచేవానిని అందరం సరంగు అని పిలిచేవాళ్ళం. మత్స్యకారుల ఇంటి పిల్లవాడు. పట్టణంలో దూరపు బంధువుల ఇంట ఉండి చదువుకొనేవాడు. అతడు చేరేవరకు మా గోలు రెండు సరుగుడు గుంజలు, పైన ఒక వెదురు బొంగు మాత్రమే. బంతి లోపల పడినదా, బయట పోయినదా అని తగవులు. జులై నెలలో ఒక సోమవారం అతడు ఇంటినుండి వస్తూ భుజాన ఒక పాత వల మోసుకొని వచ్చాడు. అక్కడక్కడ చినిగిన చోట్ల తానే కూర్చుండి అల్లి, గుంజలకు కట్టాడు. ఆ రోజు మాకు ఒక నిజమైన గోలు లభించినది. ఎవరైనా ఎత్తుకొనిపోతారేమోనని ఆట ముగియగానే దానిని విప్పి సామానుల గదిలో పెట్టేవాళ్ళం.

అతడు బంతిని చూసేవాడు కాదు. తన్నేవాని భుజాన్ని చూసేవాడు. అంతకుమించి గాలిని చూసేవాడు. టాసు గెలిచి నేను వెనక్కు తిరిగితే, కాస్త ఇసుక పట్టి వదిలి, "ముందు సముద్రాన్ని వీపున పెట్టుకుందాం. పొద్దు వాలేకొద్దీ ఈ గాలి పడిపోతది" అనేవాడు. అతని మాట విన్న రెండు ఆటలలోనూ మేము గెలిచాం.

మా వ్యాయామాచార్యులు హైదరాబాదులో చదువుకొని వచ్చినవారు. వారికి సయ్యద్ అబ్దుల్ రహీం గారంటే గురుభక్తి. రహీం గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచినది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడిపోయినది. మనవారిలో పలువురు ఆనాడు బూట్లు లేకుండానే ఆడారు. ఆ జట్టుకు శిక్షకులు రహీం గారే. ఆయన క్రుంగిపోలేదు. నాలుగేళ్ళకు 1956లో మెల్బోర్న్‌లో భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచినది. ఎడమకాలు వాటమైనవారు కుడికాలితోనే, కుడికాలు వాటమైనవారు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు కూడా ఆయన నడిపేవారట. మా ఆచార్యులు కూడా గురువారం నాడు మాచేత అట్లాగే ఆడించేవారు. సగంమందిమి బంతిని తన్నబోయి ఇసుకను తన్నేవాళ్ళం.

ఆయన చెప్పే కథలలో మా అందరికీ ప్రీతిపాత్రమైనది 1962 జకార్తా ఆసియా క్రీడల కథ. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో సున్నకు రెండుగా ఓడిపోయారు. ఆ తరువాత థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుక వరుస కాచే జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయనను వెనుక నిలుపలేదు. అట్లని కూర్చుండబెట్టనూ లేదు. ముందు వరుసలోనికి పంపారు. సెప్టెంబరు 4వ తేదీన, మనదేశం పట్ల ఆగ్రహంతో ఉన్న లక్షమంది ప్రేక్షకుల నడుమ, అదే దక్షిణ కొరియాను రెండుకు ఒకటిగా ఓడించి స్వర్ణపతకం తెచ్చారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ కుట్లు పడిన తలవానిది. అప్పటికే రహీం గారిని ఊపిరితిత్తుల క్యాన్సరు తినివేస్తున్నది. మరుసటి ఏడు, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఈ కథను నేను కంఠస్థం చేశాను. దానిలోనుండి నేను గ్రహించినది మాత్రం క్రమశిక్షణ అనే ఒక్క మాట. జట్టు నాయకుణ్ణి కాగానే ఒక నోటుపుస్తకం కొని, సాధనకు వచ్చినవారి పేర్ల ఎదుట నల్ల సిరాతో హాజరు, రానివారి ఎదుట ఎర్ర సిరాతో గైరుహాజరు అని వ్రాయడం ప్రారంభించాను. వరుసగా అయిదు దినాలు రానివానికి జట్టులో చోటు లేదు అనే నియమం నేనే పెట్టాను. గైరుహాజరు అనే మాట ఉర్దూ విభాగం వారికీ తెలుగు విభాగం వారికీ ఒక్కటే గనుక ఎవరికీ వివరించవలసిన పని లేకపోయినది.

ఆ ఏడాది సామాన్యమైన ఏడాది కాదు. ఆగస్టులో రామారావు గారి ప్రభుత్వాన్ని తొలగించినప్పుడు నెలరోజులపాటు బందులు, ఊరేగింపులు. అక్టోబరు 31న ఇందిరాగాంధీ గారి హత్య. కళాశాల మూతబడినది. మళ్ళీ తెరచి నాలుగు దినాలు ఆడామో లేదో, వానలు మొదలయ్యాయి. మన తీరానికి నైరుతి కన్నా ఈశాన్య ఋతుపవనాల వానలే ఎక్కువ గదా! నవంబరు 14వ తేదీన శ్రీహరికోట సమీపంలో పెనుతుఫాను తీరం దాటినది. ఆ రాత్రి మా ఇంటి పెంకులు ఎండుటాకులవలె ఎగిరిపోవడం నేను కళ్ళారా చూశాను. తెల్లవారి చూస్తే క్రీడాస్థలం చెరువై ఉన్నది. మా గోలు గుంజలు నేలకొరిగి ఉన్నాయి. వల మాత్రం సామానుల గదిలో భద్రంగా ఉన్నది.

జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలిసి నేను కూడా లారీలో బియ్యం, బట్టలు తీసుకొని కొన్ని పల్లెలకు వెళ్ళాను. నాలుగు దినాలు కష్టపడ్డాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. దీనిని ముందు చెప్పకపోతే తరువాతి మాట అర్థం కాదు.

డిసెంబరు మొదటి వారంలో నేల ఆరినది. గుంజలు మళ్ళీ పాతాం. పదమూడుగురం సాధనకు వచ్చాం. సరంగు రాలేదు. మరునాడూ రాలేదు. నేను ఎర్ర సిరా తీశాను. అయిదవ దినం గడిచినది, ఎనిమిదవ దినం గడిచినది. మా రైట్ బ్యాకు ఉర్దూ విభాగం విద్యార్థి, మితభాషి. అతడొకనాడు నా పక్కకు వచ్చి, "భాయ్, ఒకసారి వాళ్ళ ఊరికి పోయి చూసొద్దామా?" అన్నాడు. "పోటీలు దగ్గర పడ్డాయి. ముందు ఆట కానీ, తరువాత చూద్దాం" అన్నాను. పదకొండు ఎర్ర గుర్తులు పడిన తరువాత అతని పేరు కొట్టివేసి, ఫార్వర్డుగా ఆడే నా మిత్రుణ్ణి గోలులో నిలిపాను. నియమం అందరికీ ఒక్కటే అని మా ఆచార్యులకు చెప్పాను. వారు నా ముఖంలోనికి కొంతసేపు చూసి, "అతని ఊరు ఏది?" అని అడిగారు.

నాకు తెలియదు. అయిదు నెలలు ఆ పిల్లవాని వెనుక నిశ్చింతగా ఆడాను. అతని వలలో గోళ్ళు వేశాను. తుఫాను పల్లెలకు బియ్యం మోశాను. అతని పల్లె ఏదని ఎన్నడూ అడగలేదు. అందరం పెట్టుకున్న ముద్దుపేరే మాకు చాలినది.

జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు, మన స్థలంలోనే ఆట జరిగినది. గెలిచినవారు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీలలో తరువాతి మెట్టు ఎక్కుతారు. ఈనాడు నెల్లూరు కళాశాలలకు 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్నది. ఆనాడు మాకు తిరుపతే గతి. టాసు నేనే గెలిచాను. కొత్త గోలుకీపరు కళ్ళలో ఎండ పడకూడదని ఆలోచించి, ముందు రోడ్డు వైపు గోలు కోరుకున్నాను. ఇసుక పట్టి చూసేవాడు లేడు. సముద్రం నుండి గాలి బలంగా వీస్తున్నది. మొదటి సగంలో ఎదుటివారు ఎత్తుగా తన్నిన బంతులు గాలితోపాటు సాగి, ముందుకు వచ్చి నిలిచిన నా మిత్రుని తలమీదుగా పోయి రెండుసార్లు వలలో పడ్డాయి. రెండవ సగంలో గాలి మా వెనుకకు రావలసినది. కాని పొద్దు వాలేసరికి గాలి పడిపోయినది. సముద్రం వైపు నిలిచిన మా వాని కళ్ళలో నేరుగా ఎండ. మేము ఒక గోలు వేశాం. వారు ఇంకొకటి వేశారు. మూడుకు ఒకటిగా మా సీజను ముగిసినది.

మరునాడు ఉదయం మా రైట్ బ్యాకు మా ఇంటికి వచ్చాడు. "ఆట అయిపోయింది గదా భాయ్, పోదాం పద" అన్నాడు. కళాశాల కార్యాలయంలో చిరునామా తీసుకున్నాం. ఊరు దుగరాజపట్నం వైపు ఒక చిన్న పల్లెపాలెం. 2022లో వాకాడు ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినది గాని, ఆనాడు అదంతా మన నెల్లూరు జిల్లాయే. కోట మీదుగా, స్వర్ణముఖి దాటి, వాకాడు నుండి మరొక బస్సు పట్టుకొని, మిగిలిన దూరం ఇసుకలో నడిచాం. దారి పొడవునా సరుగుడు చెట్లు నడుముకు విరిగి ఉన్నాయి. ఒకచోట సముద్రానికి ఎంతో దూరంలో, మొండి చెట్ల మధ్య, ఒక పడవ ఎవరో తెచ్చి పెట్టినట్లు కూర్చుండి ఉన్నది.

ఆ పల్లెలో గుడిసెలన్నీ కొత్త తాటాకులతో ఉన్నాయి. కొత్తవి అయినందుకు సంతోషించదగిన స్థితి కాదు. పాతవి ఒక్కటీ మిగలలేదు. సరంగు ఇంటి ముందు అతని తండ్రి కూర్చుండి తెగిన తాళ్ళను ముడివేసుకొంటున్నాడు. మేము కళాశాలనుండి వచ్చామని చెప్పగానే లేచి నిలబడ్డాడు. తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఏం నాయనా, ఇన్నాళ్ళకా దారి తెలిసింది?" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే మరింత గుచ్చుకున్నది.

వారి తెప్ప పోయినది. వలలన్నీ పోయాయి. గోడ విరిగిపడి అవ్వ చనిపోయినది. సరంగు మద్రాసులో కాశిమేడు రేవున కూలికి పడవలు ఎక్కుతున్నాడు. "చదువు సంగతేమిటి?" అని నేను అడగలేకపోయాను. మా రైట్ బ్యాకు తలవంచుకొని కాలితో ఇసుకను రాస్తున్నాడు. తండ్రి కాసేపు ఊరుకొని, మెల్లగా, "నాయనా, మావాడు మీ ఆటకని ఒక పాత వల తీసుకుపోయినాడు. అది ఉండాదా?" అని అడిగాడు.

"ఉన్నది" అన్నాను. అంతకుమించి ఒక్క మాట కూడా నా నోట రాలేదు. ముందురోజు ఎదుటివారు వేసిన మూడు గోళ్ళూ ఆ వలలోనే పడ్డాయి. ఇంటిల్లిపాదికీ మిగిలిన ఒక్క వలను మేము బంతి ఆడుకోవడానికి గుంజలకు కట్టుకొని ఉన్నాం.

రెండు దినాలకు దానిని మూటగట్టి తీసుకొనిపోయి ఇచ్చి వచ్చాం. మా పదమూడుగురం వేసుకున్న చందా కొంత, ఆచార్యులు తమ జీతంలోనుండి ఇచ్చినది కొంత, ఆ తండ్రి చేతిలో పెట్టాం. దానితో తెప్ప రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. నోటుపుస్తకంలోని ఎర్ర గుర్తులను చెరపడానికి నేను ప్రయత్నించలేదు. అవి అతని గైరుహాజరు కావు, నావి. అతడు రాని దినాలు పదకొండు. నేను వెళ్ళని దినాలు కూడా పదకొండే.

సరంగు మళ్ళీ కళాశాలకు రాలేదు. ఇరవై ఏళ్ళు గడచిన తరువాత నెల్లూరు బస్టాండులో అనుకోకుండా కలిశాడు. జుట్టు నెరిసినది, చూపు మాత్రం అదే. నేను క్షమాపణ చెప్పబోతే వినిపించుకోలేదు. "మీరు వచ్చినారని మా నాయన చెప్పినాడు. ఆ వల ఇంకో రెండేండ్లు పనికొచ్చింది" అన్నాడు. తరువాత, నిన్నమొన్నటి సంగతి అడిగినట్లు, "ఆ ఆట గెలిచినారా?" అన్నాడు. లేదన్నాను. "గాలి ఎట్నుంచి?" "సముద్రం మీదనుంచి." "టాసు ఎవరిది?" "మనదే." అతడు నావైపు చూసి తల ఊపాడు. "ముందు సముద్రాన్ని వీపున పెట్టుకోవాల్సింది" అన్నాడు. నవ్వాడు. నేను కూడా నవ్వాను గాని, బస్సు ఎక్కిన తరువాత చాలాసేపు కిటికీలోనుండి బయటికే చూస్తూ ఉండిపోయాను.

ఈ సంగతి మనుమడికి చెప్పినప్పుడు అతడు కొంతసేపు మౌనంగా ఉండి, తమ దేశపు ఆట గురించి ఒక విషయం చెప్పాడు. 1905 సీజనులో పలువురు యువకులు ఆ ఆటలో ప్రాణాలు కోల్పోయారట. ఆనాటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కళాశాలల పెద్దలను పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడే ఆట నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరడం ఆనాటినుండే అనుమతించారు. ఈనాడు లక్షమంది లేచి నిలిచి కేరింతలు కొట్టే ఆ విసురు, పోయినవారిని లెక్కించిన తరువాత పుట్టినదన్నమాట. రహీం గారు కూడా కుట్లు పడిన ఆటగాని తలను చూసి, అతని స్థానం మార్చారే గాని పేరు కొట్టివేయలేదు. నియమం కోసం మనిషిని వదులుకోవడం క్రమశిక్షణ కాదని నాకు బోధపడడానికి ఒక సీజను, ఒక తుఫాను కావలసివచ్చాయి.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. తరగతిలోగాని, జట్టులోగాని, రాని విద్యార్థి పేరు కొట్టివేయకముందు ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి కలిసి అతని ఇంటికి వెళ్ళి రావాలని ఒక నియమం పెట్టండి. బస్సు చార్జీలు ఆటల నిధినుండి ఇప్పించండి. పాతిక కప్పులకన్నా ఆ ఖర్చు మన కళాశాలకు ఎక్కువ కీర్తి తెస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీ పక్క బల్ల రేపు ఖాళీగా ఉంటే ఎర్ర సిరా తీయకండి. అతని ఊరు ఏదో ఈ రోజే అడిగి తెలుసుకోండి.